ఫౌజీకి ఫౌజీ తోడు: యుద్ధం మిగిల్చిన మనోగాయాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ మాజీ సైనికుల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం. రాస్తున్న మేం డాక్టర్లం కాదు. సర్వీసు అయ్యాక ఇంటికొచ్చి, తోటి ఫౌజీలతో అప్పుడప్పుడూ కూర్చుని మాట్లాడుకుంటున్న మాజీ సైనికులం. కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ ఇంచుమించు ఇవే అడుగుతున్నారని ఒకచోట రాసి పెట్టాం. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఇదంతా చదువుతూ కూర్చోవద్దు, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

నాకు వచ్చింది జబ్బా, లేక నా స్వభావమే ఇలా మారిపోయిందా?

దీపావళి రాత్రి తలుపులన్నీ వేసుకుని టీవీ సౌండు పెంచుకుని కూర్చునేవాళ్లు మాలో ఉన్నారు. ఫంక్షన్ హాల్లో తలుపు కనిపించే కుర్చీ దొరికితేగానీ భోజనానికి కూర్చోనివాళ్లు ఉన్నారు. బస్సులో ఎవరిదో తెలియని సంచీ మీంచి చూపు తిప్పుకోలేనివాళ్లు, కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడి ఆ తర్వాత వంటింట్లో ఉన్న మనిషి మీద విరుచుకుపడేవాళ్లు, కొడుకు పెళ్లిలో కూడా సంతోషం తెలియక కొయ్యబొమ్మలా నిలబడ్డవాళ్లు, అందరూ ఉన్నారు.

డాక్టర్లు పీటీఎస్‌డీ (యుద్ధంలాంటి ఘోరం మిగిల్చే మనోగాయం) అన్నప్పుడు చూసేది ఇలాంటివాటినే. జరిగినది కలలోనో మెలకువలోనో మళ్లీ మళ్లీ కళ్లముందుకు రావడం, దాన్ని గుర్తు చేసే మనుషుల్నీ చోట్లనీ తప్పించుకు తిరగడం, మనసు మొద్దుబారడం లేదా తప్పంతా తనదేనని కుమిలిపోవడం, ఒళ్లు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే బిగుసుకుని ఉండటం. ఇవి నెల దాటినా తగ్గక, ఇంట్లోనూ పనిలోనూ ఇబ్బంది పెడుతుంటే డాక్టరుకు చూపించుకోవాల్సిందే. పేరు పెట్టాల్సింది డాక్టరే. పక్కవాడి కథ విని "నాకూ అదే" అని మీకు మీరే తేల్చేసుకోవద్దు, "నాకేం లేదు" అని కొట్టిపారేయొద్దు.

కార్గిల్ అయి పాతికేళ్లు దాటింది. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు?

మేం చూసినంతలో చాలామందికి అది ఇన్నాళ్లూ లేకపోలేదు, పని కింద అణిగి ఉంది. జవాను ముప్పై ఐదు, నలభై ఏళ్లకే ఇంటికొస్తాడు. వెంటనే బ్యాంకు గార్డుగానో, ఫ్యాక్టరీ సెక్యూరిటీలోనో చేరతాడు. పిల్లల చదువులు, ఇంటి లోను, చెల్లెలి పెళ్లి. యూనిఫాం మారిందే తప్ప డ్యూటీ ఆగలేదు. అరవై దగ్గర పడి ఆ రెండో ఉద్యోగం కూడా అయిపోయి, పిల్లలు బెంగళూరో అమెరికానో వెళ్లిపోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు కార్గిల్‌లో టోలోలింగ్ కొండ మీది రాత్రులు గుర్తొస్తాయి. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో శాంతి సేనతో ఉన్నవాళ్లదీ ఇదే పరిస్థితి. ఇంకా చెప్పాలంటే వాళ్లది మరీ కష్టం. సుమారు 1,200 మంది అక్కడ చనిపోయారు, కానీ తిరిగొచ్చినవాళ్లకు కార్గిల్‌కు దక్కినట్టు ఊరేగింపులూ దండలూ దక్కలేదు. వాళ్లు పోరాడిన జాఫ్నా అంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పుకుందామన్నా వినేవాడు లేడు.

డాక్టర్లు ఉన్నారు కదా, మళ్లీ మనలో మనం కూర్చోవడం దేనికి?

డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా తీసుకెళ్లడానికి, వెళ్లొచ్చాక మందు మానేయకుండా చూసుకోవడానికి. ఈ రెండు పనులకూ తోటి ఫౌజీని మించినవాడు లేడు.

మానసిక వైద్యుడి ముందు కూర్చున్నవాడు సగం సమయం వివరణకే పెడతాడు: పికెట్ అంటే ఏమిటి, స్టాండ్‌ టు అంటే ఏమిటి, లింక్ పెట్రోలింగ్‌లో ముందు నడిచేవాడికి ఎందుకు అంత భయం, సియాచిన్‌లో తోటివాడి శరీరం కిందకి దించడానికి అన్ని రోజులెందుకు పట్టింది. ఫౌజీకి ఇవేవీ చెప్పక్కర్లేదు. "ఆ రోజు స్కౌట్‌గా నేను వెళ్లాల్సింది సాబ్" అని ఒకడు ఆగిపోతే మిగతా వాక్యం వినేవాళ్లకు తెలిసిపోతుంది. ఎవరూ ఆశ్చర్యపోరు, ఎవరూ సెల్యూట్ కొట్టరు, అయ్యో పాపం అనరు.

ఇంకో కారణం సిగ్గు. ఊళ్లో మనం వీరులం. ఆగస్టు 15కి బడికి పిలిచి శాలువా కప్పుతారు. ఆ శాలువా కప్పుకున్న మనిషి "నాకు రాత్రి లైటు ఆర్పితే భయం" అని సర్పంచికీ హెడ్‌మాస్టరుకూ చెప్పగలడా? సెక్షన్‌ కమాండర్‌గా చేసిన మరో మనిషి "నాకూ అంతే, జీరో బల్బు పెట్టుకున్నా" అన్నాక చెప్పగలడు.

ఇలాంటివి ఎక్కడ మొదలయ్యాయి? మా తాతల కాలంలో లేవు కదా?

తాతల కాలంలోనూ గాయం ఉంది, పేరు వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అని రాశాడు. ఆ యుద్ధానికి మన తెలుగు ఊళ్ల నుంచీ వెళ్లారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది. మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యికి పైగా వెళ్లారని చెప్పుకునే ఊరు. మా ఊహ ఏమిటంటే, అలాంటి ఊళ్లో అరుగు మీద కూర్చుంటే పక్కనున్న ఇద్దరిలో ఒకడు ఫౌజీయే అయ్యుంటాడు. ప్రత్యేకంగా సభ పెట్టాల్సిన పని లేదు. ఇప్పుడు కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండే హవల్దారుకి ఆ అరుగు లేదు.

పద్ధతిగా కూర్చోవడం మాత్రం అమెరికాలో వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లు మొదలుపెట్టారు. 1970 చివర్లో న్యూయార్క్‌లో, యుద్ధాన్ని వ్యతిరేకించే మాజీ సైనికుల సంఘం ఆఫీసులో, వారం వారం కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. 'ర్యాప్ గ్రూపులు' అనేవాళ్లు. ప్రభుత్వ ఆసుపత్రుల మీద వాళ్లకు నమ్మకం లేదు. రాబర్ట్ లిఫ్టన్, ఖాయిమ్ షటాన్ అనే ఇద్దరు మానసిక వైద్యుల్ని పిలుచుకున్నారు, కానీ ఎవరూ డాక్టరు కుర్చీలో కూర్చోలేదు, అందరితో పాటే కూర్చున్నారు. అక్కడ విన్న మాటలు ఊరికే పోలేదు. 1979లో అమెరికా ప్రభుత్వం 'వెట్ సెంటర్లు' తెరిచింది, వాటిలో కౌన్సెలర్లు చాలామంది మాజీ సైనికులే. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పట్టికలో పీటీఎస్‌డీని చేర్చింది. దాని వెనక ఆ గ్రూపుల ఒత్తిడి చాలా ఉంది. ఆ యుద్ధం గురించి వాళ్ల అభిప్రాయం మనకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. కూర్చునే పద్ధతి మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గదే.

కూర్చుంటే యుద్ధంలో జరిగిందంతా చెప్పాలా?

అక్కర్లేదు. ఇది అన్నిటికంటే ముందుగా చెప్పే మాట. మొదటిసారి వచ్చినవాడు పేరు, యూనిట్ చెప్పి టీ తాగి వెళ్లిపోవచ్చు. ఏడాదిపాటు ఒక్క ముక్క మాట్లాడకుండా వచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్ల రాక వృథా కాదు.

"కక్కేస్తే తేలికవుతుంది" అని మనలో గట్టి నమ్మకం. అన్నివేళలా నిజం కాదు. ఘోరం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి ఒకేసారి అంతా చెప్పించే పద్ధతి ఒకటి ఉండేది. దాని మీద జరిగిన పరీక్షలన్నీ 2002లో వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించి, అది పీటీఎస్‌డీని ఆపడం లేదని, కొందరికి ఇంకా చెరుపు చేస్తోందని తేల్చింది. గాయాన్ని తవ్వి మాట్లాడించే చికిత్సలు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా, కానీ అది శిక్షణ ఉన్నవాళ్లు వరసగా కొన్ని వారాలు చేసే పని. మనం తవ్వి వదిలేస్తే అతను రాత్రి ఇంటికెళ్లి ఒక్కడే దాంతో పడుకోవాలి.

మరి ఏం మాట్లాడతారంటే, నిద్ర ఎలా పట్టింది, కోపం వచ్చినప్పుడు ఎవరు ఏం చేశారు, పెన్షన్ వెబ్‌సైట్ స్పర్శ్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఎక్కిందా, కొడుకుతో మాటలు కలిశాయా. మధ్యలో ఎప్పుడో అసలు సంగతి వస్తుంది. వచ్చినప్పుడు ఆపకూడదు, రానప్పుడు లాగకూడదు.

ఆఫీసర్లు, జేసీవోలు (సుబేదార్ల లాంటివాళ్లు), జవాన్లు ఒకచోట కూర్చోగలరా?

కూర్చోగలరు, కానీ కష్టమే. సుబేదార్ సాబ్ గది లోపలికి రాగానే పాతికేళ్ల కిందట రిటైరైన నాయక్ కూడా అలవాటుగా లేచి నిలబడతాడు. నిలబడనివ్వండి, మర్యాద పోగొట్టుకోవాల్సిన పనిలేదు. చూసుకోవాల్సింది ఒకటే: మొదటి మాటా చివరి మాటా ఎప్పుడూ పెద్ద ర్యాంకువాడిదే కాకూడదు. మా దగ్గర గుండ్రంగా కూర్చుని, ఆ రోజు చివర వచ్చినవాడితో మొదలుపెడతాం. ఒకే యూనిట్‌లో, ఒకే ఆపరేషన్‌లో, ఒకడు ఆర్డరిచ్చి ఇంకొకడు పాటించి, అందులో ప్రాణం పోయిన సందర్భం ఉంటే, వాళ్లిద్దర్నీ ఒకే గుంపులో పెట్టకపోవడం మంచిది. ఆ లెక్క డాక్టరు ముందు తేలాల్సింది.

కూర్చుంటే ఓ పెగ్గు వేయకుండా ఎలా?

ఇక్కడ మేం మొహమాటపడం. సీసా ఉంటే మేం కూర్చోం.

మనవాళ్లు కలిసేదే ఎక్కువగా క్యాంటీన్ రోజున. కోటా రమ్ము చేతికొస్తుంది, ఎవరి ఇంట్లోనో చేరతారు, రెండు రౌండ్లు దాకా నవ్వులు, నాలుగో రౌండుకి ఏడుపులు, ఆరో రౌండుకి "నువ్వసలు ఫైరింగ్ చూశావా" అని గొడవ. మర్నాడు ఎవరికీ ఏమీ గుర్తుండదు. పైకి ఇదీ తోటివాళ్ల తోడులాగే కనిపిస్తుంది, మనవాళ్లు చాలామంది ఇదే తోడు అనుకుంటారు. కానీ మద్యం నిద్ర తెప్పించినట్టే తెప్పించి తెల్లవారుజామున చెడగొడుతుంది, కోపాన్ని పెంచుతుంది, దిగులు ఉన్నవాడిని ఇంకా లోపలికి తోస్తుంది.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాడు పౌరుషానికి పోయి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావొచ్చు, మతి తప్పినట్టు మాట్లాడొచ్చు, ప్రాణం మీదకూ రావొచ్చు. "రేపటి నుంచి బంద్" అన్నవాడిని భుజం తట్టి పంపించేయకుండా వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నేను లైన్ మీద యుద్ధం చేయలేదు. డ్రైవర్ని. నాకెందుకు ఇలా?

ఏఎస్‌సీ (ఆర్మీ సరఫరా విభాగం) డ్రైవరు కార్గిల్ దగ్గరి ద్రాస్ రోడ్డు మీద లైట్లు ఆర్పేసి బండి నడిపాడు, పైనుంచి షెల్లింగ్. తిరుగు ప్రయాణంలో అదే బండిలో తీసుకొచ్చింది ఎవరినో అతనికి తెలుసు. నర్సింగ్ అసిస్టెంటు చేతుల్లో ఎంతమంది పోయారో అతని లెక్క అతనికుంటుంది. శవపేటిక మీద పేరు రాసిన క్లర్కు, దాన్ని ఊరికి తీసుకెళ్లి తల్లికి అప్పగించిన ఎస్కార్టు, వీళ్లెవరూ ట్రిగ్గర్ నొక్కలేదు. "మాకంటే కష్టపడ్డవాళ్లున్నారు, మేం మాట్లాడకూడదు" అని వెనకాల కూర్చునేది ఎప్పుడూ వీళ్లే. ముందు వరసలోకి పిలవండి.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లు రావొచ్చా? పోలీసులు?

రావాలి. కాగితం మీద సీఆర్పీఎఫ్ జవాను మాజీ సైనికుడు కాడు, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు రాదు, వైద్యం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పథకం సీజీహెచ్ఎస్ కిందికి వస్తుంది. గాయానికి ఆ తేడా తెలియదు. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ అడవిలో మావోయిస్టుల దాడిలో ఒక్క పొద్దున 76 మంది చనిపోయారు, దాదాపు అందరూ సీఆర్పీఎఫ్ వాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒకే ఇంట్లో అన్న ఆర్మీలో, తమ్ముడు సీఆర్పీఎఫ్‌లో చేసిన కుటుంబాలు ఎన్నో. అన్నను లోపలికి పిలిచి తమ్ముణ్ని గుమ్మం బయట నిలబెడతామా? నక్సలైట్లతో పోరాడే పోలీసు దళం గ్రేహౌండ్స్‌లో చేసినవాళ్లకూ ఇదే జవాబు. నాలుగేళ్లకే బయటికొచ్చే అగ్నివీరులకైతే పెన్షనూ లేదు, ఈసీహెచ్ఎస్సూ లేదు, కాబట్టి వాళ్ల కోసం కుర్చీలు ఇప్పటినుంచే సిద్ధంగా ఉంచాలి.

ఆపరేషన్ సంగతులు బయట చెప్పడం తప్పు కదా?

తప్పే, 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరయ్యాక కూడా వర్తిస్తుంది. అదృష్టవశాత్తూ మనసులో మాట చెప్పడానికి మ్యాపు మీద చోటు చూపే గ్రిడ్ రిఫరెన్సు అక్కర్లేదు. చోటు, తేదీ, బలగం లెక్క, సోర్సు పేరు చెప్పకుండానే "ఆ తలుపు తీశాక నేను చూసింది" అని చెప్పొచ్చు. ఫోన్లు టేబుల్ మీద పెట్టేయాలి, రికార్డింగులు వద్దు. అక్కడ విన్నది వాట్సాప్ గ్రూపుకి ఎక్కిందంటే మర్నాటి నుంచి ఎవడూ నోరు విప్పడు.

మా ఆయన నిద్రలో కేకలు పెడతారు, చేతులు విసురుతారు. లేపాలంటే భయం. ఏం చేయను?

భుజం పట్టి కుదపొద్దు, మీదకి వంగొద్దు. లైటు వేసి, చెయ్యి అందనంత దూరంలో, కాళ్ల వైపు నిలబడి పిలవండి. "ఏమండీ" అంటే లేవకపోతే పేరు పెట్టి పిలవండమ్మా, ఆ సమయంలో తప్పేమీ లేదు. "ఇంట్లోనే ఉన్నారు, నేను ఫలానాని, ఇది మన గది" అని మామూలు గొంతుతో రెండు మూడుసార్లు చెప్పండి. లేచాక మంచినీళ్లిచ్చి ఊరుకోండి, ఏం కలొచ్చిందని ఆ రాత్రి అడగొద్దు. పగలు, ఆయన కుదురుగా ఉన్నప్పుడు, "ఈసారి ఎలా లేపమంటారు" అని ఆయన్నే అడగండి. చాలామంది తమకు ఏది పనిచేస్తుందో చెప్పగలరు.

మెలకువలో కొడుతుంటే అది వేరే సంగతి. జబ్బు ఉందని దెబ్బలు భరించాలని ఎవరూ రాసిపెట్టలేదు. మహిళల హెల్ప్‌లైన్ 181. భార్యలు విడిగా కూర్చోవడం కూడా చాలా మంచిది. వాళ్లకు భర్తల ముందు చెప్పలేనివి ఎన్నో ఉంటాయి. వీరనారులు (సర్వీసులో భర్తను పోగొట్టుకున్నవాళ్లు) వస్తే వాళ్లు ఒంటరిగా మిగలకుండా పక్కన ఒకరు కూర్చోవాలి.

తోటివాడు చచ్చిపోతానంటే ఏం చేయాలి?

సూటిగా అడగండి: "ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. మనవాళ్ల విషయంలో ముందు చూడాల్సింది తుపాకీ. గార్డు పని చేసేవాళ్లలో చాలామందికి లైసెన్సున్న డబుల్ బ్యారెల్ ఉంటుంది. కొన్నాళ్లు పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో జమ చేయించండి. పల్లెలో అయితే పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయించండి. ఆ రెండు పనులే ఆ రాత్రి ప్రాణం నిలబెట్టవచ్చు. తర్వాత 14416, ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే 112, లేదా నేరుగా ఆసుపత్రి.

"నీకేం తక్కువ, పెన్షన్ వస్తోంది", "ఫౌజీవై ఉండి ఇదేంట్రా", "పిల్లల మొహం చూడు" అనొద్దు. మూడూ ప్రేమతోనే అంటాం, మూడూ అతని నోరు మూయిస్తాయి. "ఎవరికీ చెప్పనని ఒట్టేయ్" అంటే ఒట్టు వేయొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్తే పెన్షన్ ఆగుతుందా? నలుగురికీ తెలుస్తుందా?

సర్వీసు పెన్షన్‌కీ దీనికీ సంబంధం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. సర్వీసులో ఉండగా లో మెడికల్ కేటగిరీ (ఆరోగ్యం సరిగా లేదన్న ముద్ర) వస్తుందని, ప్రమోషన్ పోతుందని భయపడి దాచుకున్న అలవాటు మనల్ని ఇంటిదాకా వెంటాడుతోంది, అంతే.

ఈసీహెచ్ఎస్ కార్డున్నవాళ్లు పాలీక్లినిక్‌కి వెళ్లి నిద్ర లేదని, కలలొస్తున్నాయని మెడికల్ ఆఫీసరుకి చెబితే మానసిక వైద్యుడికి రెఫరల్ రాస్తారు. కార్డు లేనివాళ్లకు హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలు, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వేవాళ్ల గురించి పట్టించుకునే వయసు మనకు దాటిపోయింది. ఆందోళన తగ్గి నిద్ర పట్టాలని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలామ్ మాత్ర మాత్రం వైద్యం కాదు. అలవాటు పడుతుంది, రమ్ముతో కలిస్తే ప్రమాదం. డాక్టరు రాసే మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది, నాలుగు రోజులకే "లాభం లేదు" అని మానేయొద్దు.

మా ఊళ్లో మొదలుపెట్టాలంటే ఏం కావాలి?

రిజిస్ట్రేషన్ వద్దు, బ్యానర్ వద్దు, అధ్యక్షుడు అసలే వద్దు. పదవి పెట్టిన రోజున ఎన్నికలొస్తాయి, ఎన్నికలొస్తే రెండు వర్గాలొస్తాయి. నలుగురైదుగురు చాలు, పన్నెండు దాటితే రెండుగా విడిపోవడం నయం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక మాట చెప్పి ఉంచితే కొత్తగా రిటైరై వచ్చినవాళ్లను మీ వైపు పంపుతారు. చోటు గుడి వరండా అయినా, బడి గది అయినా సరే, బయటికి పోయే దారి అందరికీ కనబడాలి. మధ్యలో లేచి వెళ్లిపోయినవాడి వెనక ఒక్కడే వెళ్లాలి, పదిమంది కాదు. దగ్గర్లోని మానసిక వైద్యుడు ఒకరితో ముందే మాట్లాడి ఫోన్ నంబరు పెట్టుకోండి. నడిపేవాడికీ బరువు ఎక్కుతుంది, మూడు నెలలకోసారి మనిషిని మార్చండి. మూడోసారికి ఇద్దరే వస్తే ఇద్దరే కూర్చోండి, మళ్లీ కలిసే తేదీ మాత్రం లేచేలోపే చెప్పేయండి.